పాతవి అనే గది

కొత్తగా కాపురానికి వచ్చిన కోడలికి అత్తగారు ముందు వంటిల్లు చూపిస్తుందని విన్నాను. మా అత్తయ్య నాకు నల్లటి తెర చూపించింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక చేతులు తుడుచుకుని, నన్ను వెనక గదిలో కిటికీ పక్కనున్న బల్ల దగ్గరకు తీసుకెళ్ళింది. పాత దిండు గలేబు కప్పిన కంప్యూటరు ఒకటి అక్కడుంది. ఆ గలేబు తీసి నాలుగు మడతలు పెట్టి పక్కన పెట్టి, మీట నొక్కింది. అది గురక పెడుతూ లేచింది. తెరంతా నలుపు. పైన ఒక మూల చిన్న తెల్ల గీత ఆరుతూ వెలుగుతూ ఉంది.

"కూచో," అంది.

"నాకు కంప్యూటరు వచ్చు అత్తయ్యా. కాలేజీలో నేర్పారు."

"బొమ్మల మీద నొక్కడం నేర్పి ఉంటారు. ఇక్కడ బొమ్మలుండవు. ఏం కావాలన్నా నోరు తెరిచి అడగాలి. అంటే, వేళ్ళతో."

ఇది జరిగి పదిహేడేళ్ళవుతోంది. ఇప్పటికీ మధ్యాహ్నం రెండు గంటలకు ఎక్కడున్నా సరే, ఆ గదిలో వేడెక్కిన ప్లాస్టిక్ వాసన నా ముక్కుకు తగులుతుంది. అప్పుడు ఆ పాఠాలను తిట్టుకున్నాను. ఇప్పుడు ఒక్క మధ్యాహ్నం తిరిగి ఇస్తానంటే ఏమైనా ఇచ్చుకుంటాను.

అత్తయ్య వాతావరణ కేంద్రంలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి, నా పెళ్ళికి ముందు ఏడాదే రిటైరైంది. వానమాపకంలో నీళ్ళు కొలిచే పనితో మొదలుపెట్టి, చివరికి ఆ అంకెలన్నీ దాచే కంప్యూటర్లకు పెద్దదిక్కు అయింది. ఆఫీసు కంప్యూటర్లను నడపడానికి లినక్స్ పెట్టినప్పుడు మగవాళ్ళంతా "బొమ్మలేవీ, బొమ్మలేవీ" అని తెర మీద వెతుక్కుంటుంటే, ఆవిడ ఒక్కతే ఒక మూల కూర్చుని దాని పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివిందట. లినక్స్ ఏ ఒక్కరి సొత్తూ కాదు. దాన్ని నడిపే రాతంతా బయటే ఉంటుంది, చదవగలిగినవాళ్ళు చదువుకోవచ్చు, చేతనైతే మార్చుకోవచ్చు. అత్తయ్యకు అందులో నచ్చింది అదే. "ఇందులో దాచిపెట్టింది ఏదీ లేదు. చదివే ఓపికే మనకుండదు," అనేది.

మొదటి పాఠం పీడబ్ల్యూడీ. అంటే రోడ్లు వేసేవాళ్ళు కదా అన్నాను. అత్తయ్య నవ్వలేదు. "నేనెక్కడున్నాను అని అడగడం," అంది. "ఏ పని చేసేముందైనా ఎక్కడున్నావో చూసుకో. సగం తప్పులు ఇంకెక్కడో ఉన్నామనుకుని చేసేవే."

ఎల్‌ఎస్ అంటే ఈ గదిలో ఏమేం ఉన్నాయో చూపించమనడం. సీడీ అంటే ఇంకో గదిలోకి పోవడం. ఎంకేడిర్ అంటే కొత్త గది కట్టడం. పుస్తకంలో డైరెక్టరీ అని ఉంటుంది కానీ, ఆవిడ ఎప్పుడూ గది అనే అనేది.

"సీడీ కొట్టి, కాస్త ఖాళీ వదిలి, రెండు చుక్కలు పెట్టు. పై గదికి పోతావు. నువ్వున్న గదిని కన్నది అది."

"అంటే పుట్టిల్లా?"

"అనుకో. రెండు చుక్కలు చాలు. బస్సు కూడా ఎక్కక్కర్లేదు."

ఆ రోజుల్లో మా ఇంటి మీద నాకు ఒకటే బెంగ. ఆ మధ్యాహ్నం రెండు చుక్కలు పెట్టుకుంటూ, పెట్టుకుంటూ, ఇక పైన ఏమీ లేని చోటికి చేరాను. ఎన్ని చుక్కలు పెట్టినా అక్కడి నుంచి కదలదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అత్తయ్య చూసి కూడా చూడనట్టు, "సీడీ అని ఒక్కటే కొట్టు. ఎక్కడున్నా ఇంటికొచ్చేస్తావు," అంది. కొట్టాను. వచ్చేశాను. ఆ ఇల్లు ఆవిడదే, ఆవిడ పేరుతోనే ఉంది. నేను కూడా ఆ పేరుతోనే లోపలికి వెళ్ళేదాన్ని.

నాకు అన్నిటికంటే నచ్చింది ఎంవీ. చోటు మార్చడానికీ అదే, పేరు మార్చడానికీ అదే. రెండూ ఒకటెలా అవుతాయని వాదించాను.

"మొన్న నీకేమైంది?" అంది అత్తయ్య. "ఇల్లు మారింది, ఇంటిపేరు మారింది. అందుకు రెండు పెళ్ళిళ్ళు చేసుకున్నావా?"

తర్వాత ఒక కాగితం మీద రాసి చూపించింది. ఏ ఫైలుకైనా పూర్తి పేరు రాస్తే ముందు అది ఉండే గది పేరు వస్తుంది, చివర దాని సొంత పేరు వస్తుంది. మన పేర్లలాగే ముందు ఇంటిపేరు, ఆ తర్వాత మనిషి. అందుకని గది మారితే పేరు మారినట్టే. ఆ సాయంత్రం మా ఆయన గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే, "మీరు నన్ను ఎంవీ చేసుకొచ్చారట," అన్నాను. ఆయన తల్లి వైపు చూశారు. ఆవిడ పేపరు అడ్డం పెట్టుకుంది.

ఇంకో మాట కూడా చెప్పింది. "దీనికి నోరు తక్కువ. పని అయితే ఏమీ అనదు. తప్పు చేస్తేనే నోరు విప్పుతుంది." అది ఎవరి పోలికో నాకు వెంటనే తట్టింది గానీ పైకి అనలేదు.

మొదటిరోజు ఎల్‌ఎస్ కొట్టినప్పుడే నాకు కనిపించాయి, 1986 నుంచి 2006 దాకా వరసగా అంకెలు. ఇరవై ఒక్క ఫైళ్ళు. ఏమిటవి అని అడిగాను. రోజూ రీడింగులు ఎక్కించడం అయ్యాక, ఆఫీసు కంప్యూటర్లో తన మూలలో ఒక్క వాక్యం రాసుకునేదట. ఎంత వాన, ఎంత ఎండ, ఆ పక్కన ఇంటి సంగతి ఒక ముక్క. తెలుగే, కానీ ఇంగ్లీషు అక్షరాల్లో. రిటైరైన రోజు మిగతావాళ్ళు శాలువాలూ గడియారాలూ తెచ్చుకుంటారు, ఈవిడ ఈ ఇరవై ఒక్క ఏళ్ళు ఫ్లాపీల్లో వేసుకుని తెచ్చుకుంది. ఇంటి కంప్యూటర్లోకి ఎక్కించాక ఆ ఫ్లాపీలు బూజు పట్టాయని పారేసింది.

"చదవచ్చా?"

"నేను పోయాక చదువు. అప్పుడైతే వచ్చి అడిగేవాళ్ళుండరు."

ఆఫీసులో ఇరవైమందిని కాపీ తీశారా, కాపీ తీశారా అని సతాయించిన మనిషి, వీటికి మాత్రం ఒక్క కాపీ తీసుకోలేదు. ఇంట్లో ఉన్నవే కదా అనుకుందట. అవి మిగతా సామానుతో కలిసి నడి గదిలో పడి ఉండేవి. ఎల్‌ఎస్ కొట్టినప్పుడల్లా, "వీటికో గది కట్టి సర్దాలి. ఎప్పటికి తీరుతుందో," అని విసుక్కునేది.

ఆర్నెల్లు గడిచాయి. అత్తయ్య కంట్లో శుక్లాలు ముదిరాయని ఆపరేషన్ అన్నారు. మా ఆయన ఆవిణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. పొద్దున్న తొమ్మిదింటికి ఆటో కదిలింది, పదింటికల్లా నేను ఆ బల్ల ముందు కూర్చున్నాను. ఆవిడ వచ్చేసరికి ఆ ఇరవై ఒక్కటీ సర్ది పెట్టి, చూసుకోండి అనాలని నా ఆశ. అప్పటివరకూ నా పని బాగుందని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. అనిపించుకోవాలని ఉండదా?

ఎంవీ, 1986, పాతవి. పాతవి అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి ఎంటర్ నొక్కాను. ఏమీ అనలేదు. అంటే పని అయినట్టే. పైకి చూపే బాణం మీట నొక్కితే మునుపు కొట్టిన మాట తిరిగి వస్తుంది, అంకె ఒక్కటి మారిస్తే చాలు. ఆ కిటుకు నేనే కనిపెట్టానన్నంత గర్వంగా 1987, 1988 అంటూ కొట్టుకుపోయాను. ఇరవై ఒక్కసార్లు కొట్టాను. ఇరవై ఒక్కసార్లూ అది నోరు మెదపలేదు. ఇంత తెలివైన కోడలు ఇంకెవరికైనా దొరుకుతుందా అనుకుంటూ వెళ్ళి కాఫీ కలుపుకుని వచ్చాను.

కాఫీ పట్టుకుని, సర్దిన గది చూసుకుందామని సీడీ పాతవి అని కొట్టాను. అప్పుడు నోరు విప్పింది. నాట్ ఎ డైరెక్టరీ అంది. అది గది కాదట.

గది కట్టలేదు నేను. మనసులో కట్టేశాను, ఎంకేడిర్ కొట్టడం మర్చిపోయాను. పాతవి అనే గది ఏదీ లేదు కాబట్టి, 1986 అనే ఫైలుకు పాతవి అని పేరు మార్చమంటున్నానని అనుకుంది అది. మార్చింది. తర్వాత 1987కి కూడా అదే పేరు పెట్టమన్నాను. ఆ పేరుతో అప్పటికే ఉన్నదాన్ని తుడిచేసి దీనికి పెట్టింది. అలా ప్రతి ఏడూ వచ్చి ముందు ఏడాది మీద కూర్చుంది. అడగడమూ లేదు, గొణగడమూ లేదు. చివరికి పాతవి అనే పేరుతో మిగిలింది ఒకే ఒక్క ఫైలు, 2006. తెరిచి చూస్తే, రిటైరైన ఏడాది. "ఎండ. పని లేదు. ఎండ. పని లేదు. కొత్తాయన మళ్ళీ ఆలస్యం." ఇరవై ఒక్క ఏళ్ళలో దేనికీ పనికిరాని ఏడాది అదే అయి ఉంటుంది.

ఎల్‌ఎస్ కొట్టాను, మళ్ళీ కొట్టాను. ఇంకోసారి అడిగితే మనసు మార్చుకుని చూపిస్తుందేమోనని పదే పదే కొట్టాను. మర్నాడు మధ్యాహ్నం అత్తయ్య కంటికి కట్టుతో, మా ఆయన చెయ్యి పట్టుకుని గుమ్మం ఎక్కింది. "ఇల్లు బానే ఉందా?" అని అడిగింది. బానే ఉందన్నాను.

వారం పైగా ఆవిడ తెర చూడకూడదు. ఆ రోజులన్నీ నేను ఆవిడకు పేపరు చదివి వినిపించాను, మందు చుక్కలు వేశాను, అడగకుండానే కాళ్ళు నొక్కాను. ఇదేంటి ఇంత భక్తి అనుకుని ఉంటుంది. ఆవిడ పడుకోగానే వెనక గదిలోకి పోయి, ఎక్కడైనా దారి దొరుకుతుందేమోనని ఏవేవో కమాండ్లు కొట్టేదాన్ని, ఏవేవో రాసి చెరిపేదాన్ని. మా ఆయనకు కూడా చెప్పలేదు. మింగలేక, కక్కలేక తొమ్మిది రోజులు గడిపాను.

పదో రోజు కట్టు విప్పారు. నల్లద్దాలు పెట్టుకుని, ఆవిడ సరాసరి వెనక గదిలోకి వెళ్ళింది. నేను వంటింట్లో ఉన్నాను. మీటల చప్పుడు వినిపించింది. రెండు మీటలు, ఎంటర్. ఎల్‌ఎస్ అనుకున్నాను. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత ఏడు మీటలు, ఎంటర్. నాకు వచ్చిన కమాండ్లలో ఏడక్షరాలది ఏదీ లేదు.

"అమ్మాయ్, ఇలా రా."

అది హిస్టరీ అనే కమాండు. మనం కొట్టిన ప్రతి ముక్కా వరసగా రాసి పెట్టుకుంటుందట అది. నాకు నేర్పలేదు. పాఠాల్లో అక్కడిదాకా ఇంకా రాలేదు మేము.

అత్తయ్య తెరకు దగ్గరగా వంగి, ఆఫీసులో వానలెక్కలు చదివే గొంతుతో చదవడం మొదలుపెట్టింది. "ఎంవీ. ఎంవీ. ఎంవీ." వేలితో లెక్కపెట్టుకుంటూ పోయింది. "ఇరవై ఒకటి. ఆ తర్వాత సీడీ పాతవి. ఎల్‌ఎస్. క్యాట్ పాతవి, అంటే తెరిచి చూశావు. ఎల్‌ఎస్. ఎల్‌ఎస్. ఎల్‌ఎస్. పీడబ్ల్యూడీ. ఎక్కడున్నావో అప్పుడు చూసుకున్నావన్నమాట. మ్యాన్ ఎంవీ. అంటే దీని పుస్తకం, అది కూడా అప్పుడే గుర్తొచ్చింది. ఎల్‌ఎస్. అయ్యో. అయ్యో. ఇదేం కమాండు?"

నేను తల దించుకున్నాను.

ఆవిడ ఇంకో వరస కిందికి వచ్చి ఆగింది. కొత్త కన్ను కదా, ఒక్కో అక్షరమే కూడబలుక్కుని చదివింది. ఆ రోజు నేను కొట్టిన ఆఖరి ముక్క అది. ఎవరికి చెప్పాలో తెలియక మిషన్‌కే చెప్పాను. అత్తయ్యా క్షమించండి అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, ఎంటర్ నొక్కాను. అలాంటి కమాండ్ లేదు అంది అది.

"ఆ మాట దీనికి చెబితే ఏం లాభం?" అంది అత్తయ్య. "దీనికి తెలుగు రాదు."

అప్పుడు నోటితో చెప్పాను. ఏడుస్తూ చెప్పాను కాబట్టి ఎంత అర్థమైందో తెలియదు. ఆవిడ కేకలేస్తే బాగుండేది. వెయ్యలేదు. నల్లద్దాల వెనక కళ్ళు కూడా కనిపించలేదు.

"తుడిచేసింది వెంటనే మాయమైపోదు," అంది చివరికి. "దాని మీద ఇంకోటి రాస్తే అప్పుడు పోతుంది. ఆ రోజే మిషన్ ఆపి, ఆస్పత్రికి ఫోన్ చేసి చెబితే, ఎంతో కొంత తవ్వి తీసేదాన్ని. తొమ్మిది రోజులు దాని మీదే తొక్కుతూ కూచున్నావు."

తప్పు చేసినందుకు కాదు, దాచినందుకు ఆ మాట నాకు తగిలింది. ఇప్పటికీ తగులుతుంది.

ఆ సాయంత్రమే ఆవిడ కంప్యూటర్లో నా పేరుతో వేరే ఇల్లు పెట్టింది. ఇక నుంచి నా పేరుతో లోపలికి వెళ్ళాలి, నా సంకేతపదం నాకు. ఆవిడ ఇంట్లో వస్తువులు నేను ముట్టుకోలేను. ఇంట్లో అందరం కలిసే తింటున్నాం, ఆ డబ్బాలో మాత్రం నాకు వేరుకాపురం. పెళ్ళైన ఆర్నెల్లకే అత్తగారు తనంతట తాను వేరు పెట్టించిన కోడల్ని నేనే అయి ఉంటాను. నవ్వుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. పాఠాలు ఆగిపోయాయి. మధ్యాహ్నాలు ఆవిడ తలుపు దగ్గరగా వేసుకుని పడుకునేది.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ఆ తలుపు తెరుచుకుంది.

"నీ పేరుతో లోపలికి పో," అంది. వెళ్ళాను. "ఎంకేడిర్ పాతవి అని కొట్టు. ఈసారి ముందు గది కట్టు." కట్టాను. "లోపలికి పో. టచ్ 1986 అను."

టచ్ అంటే ఏమిటని అడిగాను.

"ఏమీ రాయకుండా పేరు మాత్రం పెట్టడం. ఫైలు ఉంటుంది, సైజు సున్నా."

ఒక్కొక్కటిగా ఇరవై పెట్టించింది. బతికిన 2006ని తనే తెచ్చి వాటి చివర చేర్చింది. తర్వాత కుర్చీ వెనక్కి జరుపుకుని కళ్ళు మూసుకుంది. "ఎనభై ఆరు తెరువు. నాకు గుర్తున్నంత చెబుతాను. రోజులు రావు. ఏళ్ళకు సరిపెట్టుకుందాం. ఈసారి తెలుగు అక్షరాల్లోనే కొట్టు."

ఆ ఏడు వానాకాలం మధ్యాహ్నాలన్నీ అలాగే గడిచాయి. నా జీవితంలో అంతకంటే సుఖమైన రోజులు ఉన్నాయేమో ఆలోచించాలి. కిటికీ రెక్కకు చినుకులు కొడుతుంటే ఆవిడ చెప్పేది, నేను కొట్టేదాన్ని. ఎనభై ఆరులో కొత్తగా వచ్చిన అధికారి థర్మామీటర్లు పెట్టే తెల్లటి చెక్కపెట్టెలో తన భోజనం డబ్బా పెట్టుకునేవాడట, వెచ్చగా ఉంటుందని. వారం పాటు మధ్యాహ్నం ఉష్ణోగ్రతలు పెరిగిపోతుంటే పై ఆఫీసు నుంచి ఆరా తీశారట. ఎనభై ఎనిమిదిలో వానమాపకం గరాటులో పిట్ట గూడు కట్టింది. నాలుగు రోజులు కుండపోత. ఆఫీసులో అందరూ తడిసి ముద్దయ్యారు, రిజిస్టరులో మాత్రం వాన సున్నా. "మాపకం ఏం చెబితే అదే రాయాలి కదా. గుడ్లు పిల్లలయ్యేదాకా గూడు తియ్యనివ్వలేదు నేను," అంది.

తొంభై ఐదులో మా ఆయన లెక్కల పరీక్ష తప్పారు. ఫలితాలు ఇంకా రాలేదు, తుఫాను వల్ల ఆలస్యమైందట అని ఇంట్లో చెప్పారట. "వాతావరణ కేంద్రంలో పనిచేసే తల్లికి తుఫాను కథ చెప్పిన వెధవ వాడొక్కడే," అని అత్తయ్య నవ్వింది. నేను ఆ ముక్క పూర్తిగా కొట్టి, కింద గీత కూడా పెట్టాను.

తప్పులు దిద్దేది, వద్దన్నవి చెరిపించేది. కొన్ని ఏళ్ళకు నాలుగు పేజీలొచ్చాయి, కొన్నిటికి నాలుగు వాక్యాలే. తొంభై ఒకటి అయ్యాక, "తొంభై మూడు తెరువు," అంది. తొంభై రెండు మిగిలిపోయింది అన్నాను. "ఉంటుందిలే. తర్వాత చూద్దాం."

అన్నీ అయిపోయాయి, ఆ ఒక్కటీ తప్ప. ఎల్‌ఎస్ కొట్టి సైజులు చూపించమంటే 1992 పక్కన సున్నా కనిపించేది. ఆవిడకు గుర్తు రావడం లేదేమో, అడిగితే నా తప్పును తవ్వినట్టవుతుందేమో అని కొన్నాళ్ళు ఊరుకున్నాను. చివరికి ఉండబట్టలేక అడిగాను.

"తొంభై రెండు ఏమీ గుర్తు లేదా అత్తయ్యా?"

"అంతా గుర్తుంది," అంది.

కిటికీ వైపు తిరిగి చెప్పింది. "ఆ ఏడే మీ మావయ్య పోయారు. నాలుగు నెలలు జ్వరంతో ఉన్నారు. నేను సెలవు పెట్టలేకపోయాను, ఆఫీసులో మనుషులు లేరు. ఆ నాలుగు నెలలూ రోజుకు రెండు ఉష్ణోగ్రతలు రాశాను. ఒకటి బయటది, ఒకటి ఆయనది. పక్కపక్కన. ఇంకేం రాయలేదు. ఏటా ఆయన పోయిన రోజున అది తెరిచి మొదట్నుంచీ చదివేదాన్ని. చదివినప్పుడల్లా, ఇదిగో ఈ రోజు సెలవు పెట్టి ఉండాల్సింది, ఇదిగో ఈ రోజు ఆస్పత్రి మార్చాల్సింది అని వేలు పెట్టి చూసుకునేదాన్ని. తుడిచేద్దామని ఆర్‌ఎం అని టైపు చేసేదాన్ని, ఎంటర్ నొక్కలేక చెరిపేసేదాన్ని. పదిహేనేళ్ళు అదే పని."

నేను మీటల మీంచి చేతులు తీసేశాను.

"మొన్న ఆ తారీకు వచ్చింది. చదవడానికి ఫైలు లేదు. పొద్దున లేచి కాఫీ తాగాను, నీకు తొంభై ఏడు చెప్పాను, గుడ్డలు మడత పెట్టాను. సాయంత్రం క్యాలెండరు చూస్తేగానీ గుర్తు రాలేదు. ముందు సిగ్గేసింది. తర్వాత హాయిగా నిద్ర పట్టింది."

"అయితే..." అన్నాను.

"అయితే ఏం లేదు. నీ మీద కోపం పోయిందనుకోకు. పందొమ్మిదేళ్ళు పోగొట్టావు, ఆ కోపం అలాగే ఉంది. ఈ ఒక్కదానికి మాత్రం లేదు. అది అలా ఖాళీగానే ఉంచు. తీసెయ్యకు, నింపకు."

సరేనన్నాను. ఆవిడ చెప్పిన లెక్క నాకు న్యాయంగానే అనిపించింది. పందొమ్మిదేళ్ళ కోపం మాత్రం రాను రాను ఆవిడకే మరుపుకు వచ్చింది. ఒంట్లో బాగాలేని చివరి రోజుల్లో కూడా, నేను చెప్పిన పని చేసి నోరు మూసుకుని నిలబడితే, "నీకూ దాని పోలికే వచ్చింది," అని కంప్యూటరు వైపు చూపించేది. మెచ్చుకోవడం అంటే ఆవిడ దృష్టిలో అదే అని అప్పటికి నాకు తెలిసింది. ఆవిడ పోయి ఆరేళ్ళు.

పోయిన నెల కొత్త కంప్యూటరు కొన్నాం. పాతదాంట్లోంచి సామాను మార్చే పని మా ఆయన పెట్టుకున్నారు. ఇప్పుడు ఎక్కడ చూసినా బొమ్మలే, ఆయన వాటి మీద నొక్కుకుంటూ పోతున్నారు. నేను పక్కన కూర్చుని కూరగాయలు తరుగుతున్నాను.

"ఈ పాతవిలో ఒక ఫైలు ఖాళీగా ఉంది. సైజు సున్నా. తీసేయనా?"

"వద్దు. మీ అమ్మ ఉంచమన్నారు."

"ఖాళీ దాన్ని ఉంచుకుని ఏం చేస్తాం? పేరు పంతొమ్మిది వందల తొంభై..." అని ఆగిపోయారు.

అందులో ఏముండేదో నేను ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. అత్తయ్య కూడా చెప్పలేదనే అనుకున్నాను. కత్తిపీట పక్కన పెట్టి, రెండు ఉష్ణోగ్రతల సంగతి చెప్పాను. ఆయన తెర మీంచి కళ్ళు తిప్పలేదు.

"రెండోది నేనే చదివేవాణ్ణి," అన్నారు. "నాకప్పుడు పదేళ్ళు. బడి నుంచి వచ్చాక నాన్నకు థర్మామీటరు పెట్టేవాణ్ణి. అమ్మ నాలుగింటికి ఆఫీసు నుంచి ఫోన్ చేసేది, అంకె చెప్పేవాణ్ణి. రాసుకుంటున్నట్టు మీటల చప్పుడు వినిపించేది." కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "ఎక్కువుంటే ఒకటి తగ్గించి చెప్పేవాణ్ణి. నూట మూడుంటే నూట రెండు అనేవాణ్ణి. అవతల అమ్మ ఊపిరి పీల్చుకోవడం వినపడేది. ఆ శబ్దం కోసం."

ఆయన భుజం మీద చెయ్యి వేశాను.

"ఇంటికొచ్చాక అమ్మ మళ్ళీ చూసేది కదా. కనిపెట్టి ఉంటుందా? దిద్ది రాసుకుందా, నేను చెప్పిందే ఉంచిందా?"

అత్తయ్య ఏటా వేలు పెట్టి చదువుకున్న ఆ వరసల్లో ఏ అంకె ఉండేదో నాకు తెలియదు. ఆ ఫైలు ఉండి ఉంటే ఇప్పుడే తెరిచి చెప్పేదాన్ని. దాన్ని లేకుండా చేసింది నేనే. ఆ పొరపాటు వల్ల తల్లికి నిద్ర పట్టింది, కొడుక్కి జవాబు లేకుండా పోయింది. క్షమించండి అన్న ఆ మాటను పదిహేడేళ్ళకు రెండోసారి నోటితో అన్నాను. ఈసారి ఆయనతో.

"నువ్వేం చేస్తావులే," అన్నారు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. మిగతా ఇరవైతో పాటు దాన్ని కూడా కొత్తదాంట్లోకి మార్చారు. ఏమీ లేని ఫైలు కదా, క్షణం కూడా పట్టలేదు.